అక్షరవీరుడు సురవరం ప్రతాపరెడ్డి

మన ఆలంకారికులు వీరరసానికి ఉత్సాహం స్థాయీభావమని నిర్ణయించారు. ఆ రసాన్ని యుద్ధవీరం, దానవీరం, దయావీరం, ధర్మవీరం అని నాలుగు విధాలుగా విభజించారు. అర్జునుడు యుద్ధవీరుడైతే, కర్ణుడు దానవీరుడు. శిబిచక్రవర్తి దయావీరుడైతే, సత్యం కోసం సర్వస్వం వదులుకొన్న హరిశ్చంద్రుడు ధర్మవీరుడు. ఈ విభాగాన్ని గమనిస్తే వీరత్వం రణరంగానికి మాత్రమే పరిమితమైనది కాదని మన పెద్దలు ఏనాడో గుర్తించినట్లు తెలుస్తుంది. ఫలితం ఎప్పుడు వస్తుందో తెలియకపోయినా, ఎదుటి బలం ఎంతటిదైనా, తాను నమ్మిన కార్యాన్ని ఉత్సాహంతో కొనసాగించేవాడే వీరుడు.

హైదరాబాదు నగరం ఈ రెండు తరహాల వీరులనూ చూసింది. 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ అనుచరులతో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేశారు. అది ఆయుధం పట్టిన సాహసం. కోఠికి సమీపంలోనే ఉన్న అబిడ్స్‌లో సుమారు ఏడు దశాబ్దాల తరువాత మరొక సాహసం మొదలైంది. అందులో కత్తి లేదు, తుపాకి లేదు. ఒక కలం, ఒక పత్రిక, అలుపెరుగని ఒక మనిషి ఉన్నారు. ఆ మనిషి సురవరం ప్రతాపరెడ్డి.

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. వారి స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఆ గ్రామం అలంపురం ప్రాంతానికి చెందినది. నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. ఆ సీమకు తుంగభద్ర సరిహద్దు. నదికి ఈవల నిజాం రాజ్యం, ఆవల ఆంగ్లేయుల ఏలుబడిలోని కర్నూలు. రెండు ఒడ్డులా వినిపించేది తెలుగే. అయితే ఆవలి ఒడ్డున తెలుగులో పత్రికలు, గ్రంథాలయాలు, సభలు వర్ధిల్లుతుండగా, ఈవలి ఒడ్డున ఆ భాషకు బడిలోను, కచేరీలోను తగిన చోటు లేదు. కర్నూలులో చదువుకొన్న ప్రతాపరెడ్డికి ఈ వ్యత్యాసం చిన్ననాటి నుంచే కళ్లెదుట ఉండేది.

ఆయన హైదరాబాదులోని నిజాం కళాశాలలో ఎఫ్.ఏ. చదివి, మద్రాసుకు వెళ్లి బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. సంస్కృత కావ్యాలను శ్రద్ధగా అభ్యసించారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఆంగ్ల భాషలలో పట్టు సాధించారు. హైదరాబాదుకు తిరిగివచ్చి కొంతకాలం న్యాయవాద వృత్తి చేపట్టారు. న్యాయశాస్త్ర పట్టభద్రులు అరుదుగా ఉన్న ఆ రోజుల్లో ఆయన ఆ వృత్తిలోనే స్థిరపడి ఉంటే ధనానికి, హోదాకు కొరత ఉండేది కాదు. కాని ఆయన మనస్సు మరొక కార్యం మీద లగ్నమైంది.

ఆ కార్యం ఏమిటో తెలియాలంటే నాటి పరిస్థితులను కొంత తెలుసుకోవాలి. హైదరాబాదు సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు మాట్లాడే ప్రజలు కలిసి జీవించేవారు. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారే. అయినా పాలనాభాష ఉర్దూ. న్యాయస్థానాల్లోను, ఉన్నత విద్యలోను దానిదే ప్రాబల్యం. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను బోధనాభాష ఉర్దూయే. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం గొప్ప ప్రయోగమే. కాని పల్లెటూరి తెలుగు బాలునికి ఆ భాష కూడా పరాయిదే కదా!

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని నాట్యశాలలో సంఘసంస్కార సభ జరిగింది. పలువురు వక్తలు ఆంగ్లంలో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించారు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటానికి లేవగానే సభలోని కొందరు అల్లరి చేసి, ఆయనను సాగనీయలేదు. ఆ అవమానం అక్కడున్న తెలుగువారి హృదయాలను గాయపరచింది. వెనువెంటనే వారు ఆంధ్రజన సంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు మొదలైన పెద్దలు ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. అయితే సభ జరుపుకోవడం కూడా నాడు సులభం కాదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సభలకు ప్రభుత్వ అనుమతి ముందుగా పొందవలసి ఉండేది. నోరు విప్పడానికే అనుమతి కోరవలసిన కాలమది.

ఇటువంటి కాలంలో ప్రతాపరెడ్డి అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్‌లో అడుగుపెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మీనియా జాతీయుడు నడిపిన దుకాణం వల్ల ఆ ప్రాంతానికి అబిడ్స్ అనే పేరు వచ్చింది. సంపన్నుల అంగళ్లతో కళకళలాడే ఆ వీధులకు చేరువలోనే, పల్లెల నుంచి చదువుకోసం వచ్చిన విద్యార్థులకు ఆశ్రయంగా 1918లో రెడ్డి హాస్టల్ వెలసింది. నగర కొత్వాలుగా ప్రసిద్ధి పొందిన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి దీని స్థాపనకు ప్రధాన కారకులు. ప్రతాపరెడ్డి 1924లో ఆ వసతిగృహానికి కార్యదర్శి అయ్యారు. ఆయన దృష్టిలో వసతిగృహమంటే కేవలం అన్నం పెట్టి, పడకకు చోటిచ్చే ఇల్లు కాదు. ఆయన అక్కడి గ్రంథాలయాన్ని వేలాది పుస్తకాలతో పెంపొందించారు. విద్యార్థులలో మాతృభాషాభిమానాన్ని, దేశభక్తిని, క్రమశిక్షణను పాదుకొల్పారు. తరువాతి కాలంలో తెలంగాణ ప్రజాజీవితంలో ప్రముఖులైన పలువురు ఆ వసతిగృహంలో పెరిగినవారే.

విద్యార్థులను తీర్చిదిద్దడం ఒక మార్గం. కాని వసతిగృహానికి రాలేని లక్షలాది ప్రజలను చేరేదెలా? అందుకు పత్రికయే సాధనమని ఆయన భావించారు. అప్పటికే 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వెలువడుతున్నాయి. రాజధాని నగరం నుంచి మాత్రం ప్రజల కష్టసుఖాలను వినిపించే బలమైన తెలుగు పత్రిక అవసరం ఉండనే ఉంది. 1926 మే 10న గోలకొండ పత్రిక తొలి సంచిక వెలువడింది. అది వారానికి రెండుసార్లు వచ్చేది.

పత్రికకు నిధులు స్వల్పం, సిబ్బంది మరీ స్వల్పం. సంపాదకత్వం మొదలుకొని గుమాస్తా, చప్రాసీ చేసే పనుల వరకు ప్రతాపరెడ్డి తానే నిర్వహించవలసి వచ్చేది. వ్యాసం రాసేది ఆయనే, అచ్చుప్రతి దిద్దేది ఆయనే, చందాదారుల లెక్క చూసేది ఆయనే. ఏ పనినీ ఆయన చిన్నదిగా తలచలేదు. సంస్థాన ప్రజల విద్యాహీనత, వెట్టిచాకిరి, గ్రామాధికారుల దౌర్జన్యం, జాగీర్దారుల ఆగడాలు, స్త్రీల దుస్థితి ఆ పత్రికలో చర్చకు వచ్చేవి. గ్రంథాలయాల స్థాపనను, తెలుగు పాఠశాలల ఆవశ్యకతను అది నిరంతరం ప్రబోధించేది. తన ఊరిలో జరిగే అన్యాయం అచ్చులో కనిపించినప్పుడు పల్లెటూరి పాఠకునికి కలిగే ధైర్యం సామాన్యమైనది కాదు. తన బాధ తన ఒక్కనిదే కాదని, దానిని అడిగేవారున్నారని అతనికి అప్పుడే తెలిసింది.

పాలకులకు ఇది రుచించలేదు. పత్రికపై ఆంక్షలు పెరిగాయి. సమాచారశాఖ అనుమతి లేకుండా సంపాదకీయాలు ప్రచురించరాదని ప్రభుత్వం కట్టడి చేసింది. పత్రికకు సంపాదకీయమే ప్రాణం. దానిని అధికారికి చూపించి, అతడు కొట్టివేయగా మిగిలినదాన్ని అచ్చువేయడమంటే ఆత్మగౌరవాన్ని తాకట్టు పెట్టడమే. ఆజ్ఞను బహిరంగంగా ధిక్కరిస్తే పత్రిక మూతపడుతుంది; ప్రజలకున్న ఒక్క గొంతు మూగబోతుంది. ఈ రెండు మార్గాలనూ ప్రతాపరెడ్డి కాదనుకొన్నారు. ఆయన సంపాదకీయం రాయడం మానివేసి, ఆ స్థానంలో మహాకవుల సూక్తులను, ప్రపంచ మేధావుల అభిప్రాయాలను ప్రచురించసాగారు. స్వేచ్ఛను గురించి, న్యాయాన్ని గురించి, పాలకుల ధర్మాన్ని గురించి లోకం మెచ్చిన మహనీయులు పలికిన మాటలవి. అవి సంపాదకుని మాటలు కావు గనుక వాటికి అనుమతి అక్కరలేదు. కాని వాటి అర్థం ఎవరిని ఉద్దేశించినదో పాఠకులకు తెలుసు, పాలకులకూ తెలుసు. ఈ విధంగా చాలాకాలం పత్రిక నడిచింది. చట్టాన్ని మీరకుండానే సత్యాన్ని చాటిన ఆ యుక్తి ప్రతాపరెడ్డి ధైర్యానికి, వివేకానికి సాక్ష్యం. ధైర్యానికి వివేకం తోడుకాకపోతే అది తెగింపుగానే మిగిలిపోతుంది. వివేకానికి ధైర్యం తోడుకాకపోతే అది లొంగుబాటుగా మారుతుంది.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించే గౌరవం ప్రతాపరెడ్డికి దక్కింది. ఎనిమిదేళ్ల క్రితం తెలుగులో ప్రసంగించబోయిన వ్యక్తి సభలో అవమానం పొందిన రాజ్యంలోనే, తెలుగువారు సమావేశమై తమ భాషలో తమ సమస్యలను చర్చించుకొన్నారు. అదే సందర్భంలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. విద్య, సంఘసంస్కరణ, గ్రామీణుల కడగండ్లు ఆ సభల్లో ప్రస్తావనకు వచ్చాయి. అనంతర కాలంలో తెలంగాణ ప్రజలను చైతన్యవంతులను చేసిన మహోద్యమానికి జోగిపేట సభ తొలిమెట్టు.

ప్రతాపరెడ్డి జీవితంలో అందరికీ గుర్తుండే ఘట్టం దీని తరువాత వచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరనే అర్థంలో ఒక రచయిత వ్యాసం రాశారు. శతాబ్దాల సాహిత్య వారసత్వం గల ఒక ప్రాంతాన్ని ఒక్క మాటతో కొట్టివేయడం తెలంగాణ తెలుగువారికి బాధ కలిగించింది. అటువంటి సమయంలో ఎవరికైనా కోపం రావడం సహజం. ప్రతినిందకు దిగడం మరింత సులభం. తన చేతిలో పత్రిక ఉన్న ప్రతాపరెడ్డికి పదునైన జవాబు రాయడం ఒక పూట పని. ఆయన ఆ పని చేయలేదు. తన పత్రిక ద్వారా సంస్థానంలోని కవులందరికీ పిలుపునిచ్చారు. ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించారు. పండితులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, రైతులు, పేరు ఎన్నడూ అచ్చులో చూసుకోని సాధారణ గృహస్థులు తమ రచనలు పంపారు. ప్రాచీనులను, సమకాలికులను కలిపి 354 మంది కవుల వివరాలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు.

ఆ సంచిక వెలువడిన తరువాత వాదం అవసరమే లేకపోయింది. లేరన్న మాటకు 354 మంది సాక్షులు నిలిచారు. ఒక కోటను గెలిచిన వీరునికి ఎంత కీర్తి దక్కుతుందో, ఒక జాతికి తన గౌరవాన్ని తిరిగి తెచ్చిపెట్టినవానికి అంతకు తక్కువ దక్కరాదు. అవమానానికి ఆగ్రహంతో జవాబిస్తే అది రెండు రోజుల ముచ్చట అవుతుంది. అవమానానికి పరిశ్రమతో జవాబిస్తే అది చరిత్ర అవుతుంది. గోలకొండ కవుల సంచిక మనకు నేర్పే పాఠం ఇదే.

ప్రతాపరెడ్డి కేవలం పాత్రికేయుడు కాదు. కవి, కథకుడు, నాటకకర్త, విమర్శకుడు, పరిశోధకుడు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, హైందవ ధర్మవీరులు ఆయన గ్రంథాలలో పేర్కొనదగినవి. నిజాం పాలనలోని అధికారుల అవినీతిని, వింతపోకడలను వ్యంగ్యంగా చిత్రించిన మొగలాయి కథలు పాఠకులను నవ్విస్తూనే ఆలోచింపజేశాయి. వీటన్నిటికీ తలమానికం ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

1949లో వెలువడిన ఈ గ్రంథం చరిత్రను చూసే పద్ధతినే మార్చింది. అంతకుముందు చరిత్ర అంటే రాజుల వంశావళులు, వారి దండయాత్రలు, వారి జయాపజయాలు. ఏ రాజు ఏ రాజును ఏ సంవత్సరంలో ఓడించాడో విద్యార్థులు కంఠస్థం చేసేవారు. ఆ రాజుల సైన్యంలో పోరాడిన బంటు ఏమి తినేవాడు, ఆ యుద్ధాలకు పన్నులు కట్టిన రైతు ఏమి కట్టుకొనేవాడు, వారి పిల్లలు ఏ ఆటలు ఆడేవారు, స్త్రీలు ఏ నగలు ధరించేవారు, పండుగలు ఎలా జరుపుకొనేవారు అన్న ప్రశ్నలను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ప్రతాపరెడ్డి ఆ ప్రశ్నలే వేశారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 వరకు సుమారు వెయ్యేళ్ల తెలుగువారి జీవితాన్ని ఆయన పరిశీలించారు.

రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. సామాన్యుల చరిత్రకు ఆధారాలెక్కడ? ఆయన వాటిని కావ్యాలలో వెదికారు. పాల్కురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలైన గ్రంథాలను రసదృష్టితో పాటు చరిత్రదృష్టితోను చదివారు. ఉదాహరణకు క్రీడాభిరామం ఓరుగల్లు నగర వీధులను కళ్లకు కట్టిస్తుంది. పూటకూళ్ల ఇంట ఒక రూకకు ఎటువంటి భోజనం లభించేదో అందులో ఉంది. పల్నాటి వీరుల గాథను ఒక స్త్రీ గానం చేయగా జనం తన్మయులై విన్న వైనమూ అందులోనే ఉంది. పల్నాటి యుద్ధం ముగిసి తరాలు గడిచినా బాలచంద్రుని వంటి వీరులు సజీవంగా నిలిచింది ఇటువంటి వీధిగానాల వల్లనే. వీరుడు ఒకసారి యుద్ధం చేస్తాడు. ఆ వీరగాథను తరతరాలకు మోసుకువచ్చేది సామాన్య జనమే. ఆ జనానికి చరిత్రలో చోటు కల్పించడం ప్రతాపరెడ్డి చేసిన మహోపకారం.

సంస్థానంలో చివరి సంవత్సరాలు కల్లోలంగా గడిచాయి. కలం పట్టినవారికి ప్రాణభయం నిజంగానే ఉండేది. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడైన యువకుడు షోయబుల్లాఖాన్, రజాకార్ల హింసను ఖండించి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో నగరవీధిలోనే హత్యకు గురయ్యాడు. రాతకు వెల ఎంతో ఆ సంఘటన చాటిచెప్పింది. ఆ మరుసటి నెలలోనే, సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. అటువంటి రాజ్యంలో ప్రతాపరెడ్డి రెండు దశాబ్దాలకు పైగా రాయడం మానలేదు.

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఆయన వనపర్తి నియోజకవర్గం నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ శాసనసభ నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో గల భవనంలో సమావేశమయ్యేది. అది ఆరవ నిజాం గౌరవార్థం నిర్మించిన టౌన్‌హాలు. అబిడ్స్ నుంచి నాంపల్లికి దూరం స్వల్పమే, నడచి వెళ్లవచ్చు. కాని సంపాదకీయం అచ్చువేయడానికి అనుమతి కోరవలసిన స్థితి నుంచి, ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధిగా ఆ భవనంలో కూర్చునే స్థితికి చేరడానికి ప్రతాపరెడ్డి తరానికి ఒక జీవితకాలం పట్టింది. ఆ స్వాతంత్ర్యాన్ని అనుభవించే భాగ్యం ఆయనకు ఎక్కువ కాలం దక్కలేదు. 1953 ఆగస్టు 25న, 57 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

ఆయన మరణానంతరం 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన తొలి గ్రంథం అదే. తెలుగు భాషావికాసం కోసం 1943లో ఆవిర్భవించిన సారస్వత పరిషత్తు కృషిలోను ఆయన భాగస్వామి. ఆ సంస్థ అబిడ్స్ సమీపంలోని తిలక్ రోడ్డులో, రెడ్డి హాస్టల్‌కు చేరువలోనే స్థిరపడింది. హుస్సేన్‌సాగర్ కట్టమీద నిలిచిన తెలుగు వెలుగుల విగ్రహాలలో ఆయన విగ్రహం ఒకటి. 1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ప్రాంతంలో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో తెలంగాణ శాసనసభ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. తెలుగులో మాట్లాడితే అల్లరి చేసిన నగరంలోనే తెలుగు పేరిట వెలసిన విశ్వవిద్యాలయం ఆయన నామధేయాన్ని ధరించింది.

ప్రతాపరెడ్డి జీవితాన్ని పరిశీలించినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ఆయన చేసిన సాహసాలలో ఏదీ ఒక్క క్షణంలో జరిగినది కాదు. పత్రిక నడపడం, కవులను వెదకడం, కావ్యాలను శోధించడం, విద్యార్థులను తీర్చిదిద్దడం రోజూ చేయవలసిన పనులు. చప్పట్లు వినిపించని పనులు. ఒక్క ఘడియ ప్రదర్శించే పరాక్రమం గొప్పదే. కాని ఏళ్ల తరబడి నిలుపుకొనే దీక్ష అంతకంటె కష్టమైనది. ఆలంకారికులు వీరరసానికి స్థాయీభావంగా ఉత్సాహాన్ని చెప్పడంలోని ఔచిత్యం ఇక్కడే బోధపడుతుంది. క్రోధం కొంతసేపటికి చల్లారుతుంది. ఉత్సాహం మనిషిని చివరివరకు నడిపిస్తుంది.

నేటి విద్యార్థులు యుద్ధరంగానికి వెళ్లవలసిన అవసరం రాకపోవచ్చు. కాని తమ భాషను, తమ ఊరిని, తమవారిని ఎవరైనా చులకన చేసినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్న ప్రతి తరానికీ ఎదురవుతుంది. తలవంచడమా, తగవుకు దిగడమా అని సందేహించేవారికి మూడవ మార్గమొకటి ఉందని ప్రతాపరెడ్డి చూపించారు. అది శ్రమించి నిజాన్ని లోకం ముందు నిలబెట్టే మార్గం. ఆ మార్గంలో నడిచినందువల్లనే ఆయన అక్షరవీరుడిగా తెలుగువారి హృదయాలలో చిరస్థాయిగా నిలిచారు.